పోలిక కోసం తెచ్చిన ముక్క

క్లూజ్ నగరంలోని ల్యాబ్‌లో హోరియా మైక్రోస్కోప్ ముందునుంచి లేచాడు.

"ఇన్నేళ్ల చాకిరీ నీళ్లపాలే, ఇలింకా!"

అండాశయ క్యాన్సర్ కణాల మీద మాత్రమే ఉండే గుర్తొకటి దొరికిందని వాళ్లిద్దరూ నమ్మారు. వాళ్లు తయారుచేసే మందు వల్ల, దాన్నిబట్టి రోగి ఒంట్లోని రక్షణ కణాలు క్యాన్సర్‌ను వెతికి చంపాలి. ఆరోగ్యవంతుల కణాల మీద ఆ గుర్తు ఉండకూడదు.

"పోలిక కోసం తెచ్చిన ఆరోగ్యవంతుల అండాశయ ముక్కల్లో ఒకదాంట్లో ఆ గుర్తు కనబడింది. మంచి కణాల్నీ చంపే మందు ఎవడిక్కావాలి?"

"ఏ ముక్కలో?"

"వేసవిలో ఆసుపత్రి నుంచి నువ్వు తెచ్చిందాంట్లో."

ఇలింకా వంగి చాలాసేపు చూసింది. భయం వేయలేదు, ఏడుపూ రాలేదు.

"మన గుర్తు సరైనదే. ఆ ముక్కే మంచిది కాదు."

"నీకెలా తెలుసు?"

"మా అమ్మ ఈ జబ్బుతోనే పోయింది. నాకు రాకముందే, మొన్న వేసవిలో అండాశయాలు తీయించేసుకున్నాననుకున్నా. ఆ ముక్క నాదే."