అవ్వ ఈల

పొగమంచు వీడని ఒక అడవిలో రేచుకుక్కల గుంపు ఒకదానికొకటి ఈల వేసుకుంటూ వేటాడేది. గుంపును నడిపే ముసలికుక్క అవ్వ రోజుకొక కుక్కను ముందు నిలబెట్టి, అచ్చం తనలాగే ఈల వేయడం నేర్పేది.

"నువ్వున్నావుగా అవ్వా, మాకెందుకు ఈ తిప్పలు?" అని కుర్రకుక్కలు విసుక్కునేవి.

"నా ఈల నాతోనే పోతే, నేను మిమ్మల్ని నడిపినట్టా?" అనేది అవ్వ.

ఒకరోజు పొద్దున్నే పులి మాటువేసి అవ్వ మెడ కొరికింది. ఇక మిగతావన్నీ చెల్లాచెదురే అనుకుంటూ మూతి నాక్కుంది.

ఎదురుగా మంచులోంచి అవ్వ ఈల వినిపించింది.

పులి తన పంజా కిందికి చూసుకుంది. అవ్వ కదల్లేదు. ఈసారి ఈల వెనకనుంచి వచ్చింది. ఆ తర్వాత రెండు పక్కలనుంచీ వచ్చింది.

"నువ్వు చచ్చావు కదా," అని పులి ఆ శవాన్ని మెల్లగా అడిగింది.

ఈలలు ఒక్కో అడుగే దగ్గరికొస్తున్నాయి.