ఎదుటి పేజీ

“ఈ ఒక్క పేజీ కడిగిపెట్టండి, చాలు,” అన్నాడు వచ్చినాయన. డైరీని బల్ల మీద పెట్టాడు గానీ దాని మీంచి చెయ్యి తీయలేదు.

పాత పుస్తకాలు బాగుచేసే ముసలాయన ఆ చేతిని మెల్లగా జరిపి భూతద్దం పెట్టుకున్నాడు. ఒక కాగితం చింపిన ఆనవాలు. దాని ఎదుట ఖాళీ పేజీ. ఆ ఖాళీ పేజీ నిండా గోధుమరంగు గీతలు.

“మా అమ్మది. ఆవిడ పోయి పదేళ్లు. అయినా ఏటేటా రాస్తూనే ఉందండీ,” అన్నాడు వచ్చినాయన.

దయ్యం కాదు, ఇనుము అన్నాడు ముసలాయన. పాతకాలపు సిరాలో ఇనుము ఉంటుందట. తడి ఆరకముందే పుస్తకం మూస్తే అది ఎదుటి కాగితాన్నీ కొరుకుతుందట. ఆ కాటు ఏళ్లు గడిచేకొద్దీ ముదురుతుందట. చింపిన కాగితం బూడిదైనా దాని తుప్పు ఇక్కడ కాపురం పెట్టింది. నీళ్లు తగిలితే పేజీ అంతా పాకుతుంది.

వచ్చినాయన కుర్చీలో కూలబడ్డాడు. పదేళ్ల వయసులో తమ్ముడి చెయ్యి పట్టుకోమంటే బంతి కోసం వదిలేశాడు. తమ్ముడు బావిలో పడి చనిపోయాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. నెల తిరక్కుండా తన బడి పుస్తకాల మధ్య అమ్మ డైరీ కనిపించింది. ‘బావి దగ్గర తప్పు ఎవరిదో నాకు తెలుసు’ అని మొదటి వాక్యం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మిగతాది చదవకుండానే చింపి పొయ్యిలో పడేశాడు. ఆ రోజు నుంచి చనిపోయేదాకా అమ్మ అతని కళ్లలోకి చూసి మాట్లాడలేదు.

ముసలాయన సొరుగులోంచి అద్దం తీసి పేజీ పక్కన నిలబెట్టాడు. తిరగబడిన అక్షరాలు సరిగ్గా నిలుచున్నాయి.

“చదవమంటారా?”

వచ్చినాయన తలూపాడు.

“బావి దగ్గర తప్పు ఎవరిదో నాకు తెలుసు,” ముసలాయన ఒక్కో మాటే కూడబలుక్కుంటూ చదివాడు. “నీళ్లు తోడి మూత వెయ్యడం మరిచింది నేనే. నీకు నోటితో చెప్పలేక రాస్తున్నాను. నన్ను క్షమిస్తే ఈ కాగితం ఉంచు నాన్నా. క్షమించలేకపోతే చింపెయ్.”