దయామణి అడిగిన గుర్తు

“అది కాదే మనవరాలా, ముందు ఇంటర్వెల్ అయిందో లేదో అడుగు. తర్వాత రాద్దువు.”

ఏంజెల్ ఫోను చూసింది. “అయిపోయిందంట తాతా. సమోసాలు తిని లోపలికి పోయారంట. అమ్మ మెసేజ్ పెట్టింది.”

యేసుపాదం మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు. “అయితే ఇంక గంటే ఉంది. రాయి. ఊఁ... రాశావా?”

“నువ్వు చెప్తేగా రాసేది!”

తాత మాట ఎప్పుడూ అంతే. ఎత్తు ఎక్కే ఎద్దుబండిలా ఒక్కో మాటా ఆగి ఆగి వస్తుంది. ఈరోజు మాత్రం తొందర ఎక్కువగా ఉంది.

నలభై మూడేళ్ళ నాటి ప్రేమ సినిమా నరసరావుపేటలో మళ్ళీ రిలీజైంది. ప్రింటే పోయిందనుకున్నారు ఇన్నాళ్ళూ. ఏ టీవీలోనూ రాలేదు, ఫోన్లోనూ దొరకలేదు. ఏదో గోడౌన్లో బయటపడితే శుభ్రం చేసి వదిలారు. ఆట అయ్యాక అభిమాన సంఘం వాళ్ళు పాత అభిమానుల జ్ఞాపకాలు స్టేజి మీద చదువుతారట. బాగున్నదానికి శాలువా.

నాయనమ్మ దయామణి, కోడలిని వెంటబెట్టుకుని మ్యాట్నీకి పోయింది. ఆ హీరో బొమ్మ జేబులో పెట్టుకుని తిరిగిన తాత మాత్రం ఇంట్లో ఉండిపోయాడు. నాయనమ్మని ఆపాలని కూడా చూశాడు. ఏసీ పడదన్నాడు, జనం తొక్కుతారన్నాడు, చివరికి కడుపునొప్పన్నాడు. ఆవిడ గుప్పెడు వాము మింగించి మరీ పోయింది.

“వెల్దుర్తి రేకుల హాలు అని మొదలుపెట్టు. మావోడి సినిమా వస్తందంటే తోరణాలు కట్టేది నేను. పోస్టర్లకి మైదా ఉడకబెట్టేది నేను. మాచర్ల బస్సు మీద నుంచి ఫిల్మ్ పెట్టె దించి, నెత్తిన పెట్టుకుని హాలుకి చేర్చేదీ నేనే.”

“జీతానికా?”

“జీతమేంది! మావోడు నా నెత్తిన ఎక్కి ఊరేగుతుంటే జీతం అడుగుతానా?”

“సినిమా హిట్టా?”

“మాచర్లలో వారం ఆడింది. నేను ఏడు రోజులూ చూశా. మా ఊళ్ళో ఒకే ఒక్క ఆట.”

“ఫ్లాపన్నమాట.”

“ఆ మాటనబాక! జనానికి టేస్టు లేదు. అది కూడా రాయి.”

ఏంజెల్ నవ్వుతూ రాసింది. “నాయనమ్మ ఎప్పుడొస్తది కథలోకి?”

“వస్తంది, ఆగు. అప్పుడు మీ నాయనమ్మకి గురజాల టీచరు సంబంధం వచ్చింది. నేనేమో సినిమా పిచ్చోణ్ణి. పెళ్ళి చేసుకుందామే అంటే ఏమన్నదో తెలుసా? ‘బైబిల్లో గిద్యోను గొర్రెబొచ్చు పరిచి అడిగినట్టు నేనూ దేవుణ్ణి గుర్తు అడిగా. నీ హీరో సినిమా వస్తందిగా. ఆఖర్న వాళ్ళిద్దరూ కలిస్తే నిన్ను చేసుకుంటా. కలవలేదా, టీచర్నే. ఇంక నా ఎంట పడబాక’ అంది.”

ఈ సంగతి ఏంజెల్‌కి కొత్త కాదు, చర్చిలో ఎవరికీ కొత్త కాదు. ప్రతి పెళ్ళిరోజుకీ నాయనమ్మ లేచి సాక్ష్యం చెప్తుంది. ఏంజెల్ గొంతు మార్చి అందుకుంది. “‘సహోదరీ సహోదరులారా, దేవుడు సినిమా హాల్లో కూడా జవాబిస్తాడు!’ అనగానే పాస్టరుగారు దగ్గుతారు చూడు తాతా...”

“నవ్వబాకే. టైమెంత?”

“నాలుగున్నర.”

“రాయి, రాయి. ఆ రోజు వాన. రేకుల మీద దబదబా మోత. లోపల పట్టుమని ఇరవై మంది లేరు. ఆడోళ్ళ బెంచీ మీద మీ నాయనమ్మ, వాళ్ళ పిన్ని. నేను సినిమా మిషను గది మెట్ల మీద నిలబడ్డా. తెర వంక చూళ్ళా. మీ నాయనమ్మ మొహమే చూశా.”

“అబ్బో! శాలువా నీదే ఇంక.”

“మావోడు తాళి కట్టాడు. అక్షింతలు పడ్డాయి. లైట్లు ఏశారు. మీ నాయనమ్మ కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకుంది. బయటికొస్తా నా పక్కన ఆగి, ‘మా నాయనతో మాట్టాడు’ అంది. అంతే.”

ఏంజెల్ వేళ్ళు ఆగాయి. కళ్ళు తుడుచుకుని చూస్తే, ఫ్యాను కింద కూర్చున్న తాతకి చెమటలు కారుతున్నాయి.

“ఏంది తాతా, అట్టా ఉన్నావు?”

“నలభై మూడేళ్ళల్లో అది నన్ను ఒక్క మాట అనలేదమ్మా. తాగొచ్చినా, చేను అమ్ముకున్నా, ‘దేవుడిచ్చినోడు, ఏం చేస్తాం’ అని సర్దుకుంది. ఆ ఒక్క మాట మీదే నా సంసారం నిలబడింది.”

ఫోను మోగింది. ఏంజెల్ పైకి చదివింది. “‘తెర మీద పెళ్ళి అవుతోంది. సినిమా అయిపోయిందని అత్తయ్య చెప్పులు ఏసుకుంటంది.’”

మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయో, యేసుపాదం మంచం మీద నుంచి ఒక్క ఉదుటున లేచాడు. “పంపు! పంపవే!”

“అభిమాన సంఘం వాళ్ళ నంబరు చెప్పు మరి.”

“సంఘానికి ఎవరు పంపమన్నారు? మీ అమ్మకి పంపు. మీ నాయనమ్మ చెవిలో ఇదంతా చదివి వినిపించమను, ఇప్పుడే, హాల్లోనే. అడుగున ఇంకో ముక్క చేర్చు.”

“చెప్పు.”

ఏంజెల్ పుట్టాక తాత నోటి వెంట గబగబా వచ్చిన మొదటి మాట అదే.

“‘దయామణీ, పెళ్ళి తర్వాత ఇంకో రీలుంది, ఆ రోజు దాన్ని దాచేసింది నేనే.’”