తీసేసిన పాత్ర

సీరియల్ మొదలైన కొత్తల్లో పెద్దావిడ టీవీతో పోట్లాటకు దిగేది.

"మా ఆయన అంత పొడుగెక్కడ? నా భుజం దాటితే గొప్ప! బొగ్గు దగ్గర ఆ ఇస్త్రీ చొక్కా ఏమిటి, నా తలకాయ!"

వరదలో రైలు ఆపి, జనాన్నంతా గట్టెక్కించి, తను మాత్రం కొట్టుకుపోయిన ఇంజన్ డ్రైవర్ ఆవిడ భర్త. సీరియల్ ఆయన మీదే.

ఏడాది తిరిగేసరికి ఆవిడకు మతిమరుపు ముదిరింది. నిజంగా జరిగినవి ఒక్కొక్కటే జారిపోయాయి. వాటి చోట టీవీలో చూసినవి తిష్ఠ వేశాయి. ఇప్పుడు ఆయన ఆరడుగుల అందగాడు. ఆయనకు ఒక్కతే కూతురు.

పక్కన కూర్చుని పాలు తాగించే ఆమె ఆ మాట వినలేకపోయేది.

"మీకెందుకండీ ఈ శ్రమ? పొద్దుపోకముందే ఇంటికి వెళ్ళండి, మీవాళ్ళు కంగారుపడతారు," అనేది పెద్దావిడ.

"వెళ్తాలేమ్మా. ముందు ఈ పాలు తాగండి."

చివరికి ఆమె ఎలాగో సీరియల్ రచయిత నంబరు సంపాదించి ఫోన్ చేసింది.

"ఆ ఇంట్లో ఇద్దరమ్మాయిలండీ! చిన్నదాన్ని ఏం చేశారు?"

"ఇద్దరుంటే కథ సాగదండీ. కలిపి ఒకర్ని చేశాం. కొన్ని సంఘటనలు కల్పితమని ముందే తెర మీద అక్షరాలు వేస్తున్నాం కదా!"

"ఆవిడకి అక్షరాలు ఆనవండీ. మీరు చూపించిందే గుర్తుంటోంది. ఒక్క సీనులోనైనా చూపించండి, మీకు పుణ్యముంటుంది."

ఆయన నవ్వి పెట్టేశాడు. ఆమె వదల్లేదు. రోజూ చేసి ప్రాణం తీసింది. పోరు పడలేక సరేనన్నాడు.

ఈ సాయంత్రం ఆ సీను వచ్చింది. రెండు జడల పిల్ల ఇంజన్ మెట్టు మీద కూర్చుని, తండ్రి మసి చేతిలోంచి బిస్కెట్ లాక్కుంటోంది. నిజానికి ఆ పిల్ల ఏనాడూ ఇంజన్ ఎక్కలేదు. పోనీలే అనుకుంది ఆమె. పెద్దావిడ ముఖంలోకే చూసింది.

పెద్దావిడ పాల గ్లాసు పక్కకు నెట్టేసింది.

"అదిగో, మా చిన్నది! నా తల్లి! దాన్నెలా మరిచిపోయానండీ?"

బావురుమంది. చాలాసేపటికి తేరుకుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడుందో ఏమో, ఒక్కసారీ రాలేదు చూడండి. పరాయివాళ్ళు మీరు, నాకింత చేస్తున్నారు. మీకు అమ్మ ఉందా అండీ?"

"ఉందమ్మా," అంది చిన్నది, తల్లి కళ్ళు తుడుస్తూ.