బాపు నింపిన నీళ్లు

జైపాల్‌ను శ్మశానానికి తీసుకెళ్లగానే అతని తల్లి పోశవ్వ, చావింటి ఆచారం ప్రకారం క్వార్టర్‌లో నిలవున్న నీళ్లన్నీ పారబోస్తోంది. బిందెలయ్యాయి, బకెట్లయ్యాయి. కొత్త గాజుతొట్టి మీద చెయ్యి వేసింది.

"అవ్వా, అది వద్దే!" సీసాలోని ఫైటర్ చేపతో మనవరాలు, జైపాల్ కూతురు సంతోషి అడ్డం వచ్చింది.

"మైల నీళ్లు ఉంచొద్దు బిడ్డా."

"నిన్న బొగ్గుబాయి డ్యూటీకి పోయేటప్పుడు బాపే నింపిండు. నల్లా నీళ్లల్ల కలిపే మందు పోవాలె, రెండు దినాలైనంక చేపను దీంట్ల ఇడుద్దామన్నడు."

పోశవ్వ చెయ్యి తొట్టి అంచునే ఉండిపోయింది. ఇల్లు కడగడానికి చుట్టాలు చీపుర్లతో లోపలికి వస్తున్నారు.

"చేపను జల్ది ఇడువు," అంది గొంతు తగ్గించి.

"ఒక్క దినమే అయింది కదవ్వా?"

"ఇడువు బిడ్డా. లోపల పానముంటే పారబొయ్యమని ఎవలూ అనరు."