అమ్మ గొంతు బిళ్ల

కూతురు ఊర్విని ఎల్‌కేజీలో చేర్చిన రోజే సువర్చల తన గొంతు రికార్డు చేసి బడికి ఇచ్చింది. ఇప్పుడు ప్రతి పిల్ల మెడలోనూ అమ్మ గొంతుతో మాట్లాడే బిళ్ల ఉంటుంది. ఏ బడి గేటు దగ్గరా ఏడుపు వినబడదు.

"మీ ఊర్వి ఏడాదంతా ఒక్కసారి కూడా ఏడవలేదండీ" అంది ఫాతిమా టీచర్, ఆఖరి రోజున. ఆ మాట మెచ్చుకోలులా లేదు.

ఆ సాయంత్రం వంటింటి గడప తగిలి ఊర్వి బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయింది. సువర్చల పరుగున వచ్చి పాపను ఒళ్లోకి లాక్కుని, అరచేత్తో నేలను కొట్టింది.

"నా బంగారాన్ని పడేస్తావా? ఇదిగో నీకు దెబ్బ! ఎక్కడ తగిలింది తల్లీ?"

మెడలో బిళ్ల కూడా అదే గొంతుతో బుజ్జగిస్తోంది. ఊర్వి దాన్ని చెవికి ఆనించుకుని, రెండో చేత్తో సువర్చల నోరు మూసింది.

"ష్... ఉండు. అమ్మ మాట్లాడుతోంది."