బల్ల మధ్య టోఫు

"మాంసం తినను," అంటూ సూయిన్ గిన్నె పక్కకి నెట్టింది.

ఎండు ఆవాకు వేసి ఉడికించిన పంది మాంసం. దానికోసం గెన్ఫా మూడు గంటలు పొయ్యి ముందు నిలబడ్డాడు. కాలేజీ ప్రవేశ పరీక్షలు నిన్నటితో అయిపోయాయి. కూతురు షావోషింగ్ పట్నంలోని హాస్టల్ నుంచి వచ్చి బస్సు దిగి గంట కూడా కాలేదు.

"తినవా? కుండ అడుగు నాకేదానివి."

"ఇప్పుడు తినను. చేప తినను. గుడ్డు, పాలు కూడా ముట్టను."

మేనత్త ఆమెయ్ నవ్వింది. "హాస్టలని పంపితే సన్యాసినుల మఠంలో చేరావా ఏమిటే? గుండు ఎప్పుడు చేయిస్తున్నావు?"

సూయిన్ నవ్వలేదు. "టోఫు చెయ్యి నాన్నా. ఓవెన్‌లో పెట్టి, కరకరలాడేలా. బల్ల మధ్యలో అదొక్కటి ఉంటే చాలు."

ఆమెయ్ నవ్వు ఆగిపోయింది. గెన్ఫా లేచి వంటింట్లోకి నడిచాడు. చెల్లెలు వెనకే వచ్చి తలుపు మూసింది.

"వద్దన్నయ్యా. మన వైపు బల్ల మధ్యలో టోఫు ఎప్పుడు పెడతారు? శవాన్ని సాగనంపి వచ్చిన వాళ్ళకి పెడతారు. వదిన పోయినప్పుడు నేనే కదా వడ్డించింది! పిల్లకి అనుమానం రాదూ?"

"దానికేం తెలుసు? పట్నం బళ్ళో లెక్కలు నేర్పుతారు. చావు నేర్పరు."

"ఎప్పుడు చెబుతావు మరి? పరీక్షలయ్యేదాకా నోరు విప్పొద్దన్నావు. ఏడు వారాలు ఊరంతా నోరు కుట్టుకుంది."

"తిన్నాక చెబుతాను. ముందు కడుపులో ఏదైనా పడనీ. ఏడు వారాలు ఆడిన అబద్ధం ఇంకో గంట ఆడలేనా?"

ఆమెయ్ సందు చివరి కొట్టుకి వెళ్ళి టోఫు పలక తెచ్చింది. గెన్ఫా దాన్ని గుడ్డలో చుట్టి, పైన ఊరగాయ జాడీ మీది రాయి పెట్టాడు. నీళ్ళు గట్టు మీదుగా నేల మీదికి కారాయి. తుడవలేదు. చూస్తూ నిలబడ్డాడు. ఈ మధ్య అతనికి వచ్చిన పని అదొక్కటే.

సూయిన్ గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మకెలా ఉంది?"

"అలాగే ఉంది. షాంఘై ఆసుపత్రిలోనే. డాక్టర్లు మాట్లాడించొద్దన్నారు."

ఫోన్‌లో ప్రతి వారం చెప్పిన మాటే అది. అక్షరం మార్చలేదు. పిల్ల తలూపింది. బతికాననుకున్నాడు.

"వాకిట్లో అమ్మ చెప్పులు కొత్తవా?"

"ఆఁ. కొన్నాను."

పాతవి ఆవిడ బట్టలతో పాటే తగలబెట్టారు. వాకిలి బోసిగా కనబడకూడదని నిన్న కొని పెట్టాడు.

"బాగున్నాయి. అమ్మకి మాత్రం పట్టవు. ఒక సైజు చిన్నవి."

ఇరవయ్యేళ్ళు కాపురం చేశాడు. ఆ కాళ్ళ కొలత అతనికి తెలీదు.

సూయిన్ రాయి తీసి టోఫుని వేలితో నొక్కి చూసింది. "ఇంకా తడి ఉంది. తడి ఉంటే మెత్తబడి చస్తుంది." గుడ్డ మార్చి, రెండు చేతులూ దాని మీద ఆనించి, ఒళ్ళంతా బరువు పెట్టి నొక్కింది. చాలాసేపు నొక్కింది. తర్వాత ముక్కలు కోసి, సోయా రసం, నువ్వుల నూనె పట్టించి, చిలగడదుంప పిండిలో దొర్లించింది. ఓవెన్ మీట ఎటు తిప్పాలో తెలియక గెన్ఫా నిలబడిపోతే తనే తిప్పింది.

"పావుగంటయ్యాక ఒక్కసారి తిరగెయ్యి. ఊరికే కెలక్కు."

"నాకు చెప్పేంతదానివయ్యావా?"

"ఎవరో ఒకరు చెప్పాలిగా."

అరగంటలో ముక్కల అంచులు ఎర్రబడ్డాయి. ఆమెయ్ పళ్ళెం తెచ్చి బల్ల అంచున పెట్టింది. మధ్యలో ఆకుకూర పెట్టింది.

సూయిన్ ఆకుకూర పక్కకి జరిపింది. టోఫు మధ్యకి లాగింది.

"ఎక్కడుంటే ఏమిటే? అందుతోందిగా!" అంది ఆమెయ్.

"అక్కడే ఉండాలత్తా."

గెన్ఫా కూర్చున్నాడు. ఆకలి లేదు. దుఃఖం కూడా లేదు. ఆవిడ పోయిన రోజున కూడా లేదు. వచ్చిన వాళ్ళకి సిగరెట్లు అందించాడు, కుర్చీలు వేశాడు. మనిషికి గుండె లేదని ఎవరో అంటే విన్నాడు. అదీ నిజమే అయి ఉంటుందనుకున్నాడు.

"తిను," అన్నాడు.

"నువ్వు వడ్డించు."

"చేతులు లేవూ?"

"నువ్వే వడ్డించాలి నాన్నా."

తినే పుల్లలతో ఒక ముక్క తీసి కూతురి గిన్నెలో వేశాడు. సూయిన్ లేచి నిలబడి, రెండు చేతులతో గిన్నె ఎత్తి పట్టుకుని తింది. ముక్క కరకరమంది. రెండో ముక్క అడగలేదు.

తిన్నాక చెబుతానన్నాడు. పిల్ల తినేసింది. గెన్ఫా పుల్లలు కింద పెట్టాడు.

"సూయిన్. మీ అమ్మ..."

"తెలుసు."

ఆమెయ్ చేతిలోని గిన్నె బల్ల మీద పెట్టేసింది.

"పల్చటి బట్టలు తీసుకెళ్దామని ఓ ఆదివారం ఇంటికొచ్చాను," అంది సూయిన్. "సందు మొదట్లోనే చావింటి ముందు పెట్టే తెల్లపూల చక్రాలు కనబడ్డాయి. ఆరు బల్లలు వేసి, మధ్యలో టోఫు పెట్టారు. అత్త వడ్డిస్తోంది, నువ్వు కుర్చీలు వేస్తున్నావు. నేను చూశానని తెలిస్తే నీ అబద్ధం వృథా అయిపోతుందని అదే బస్సెక్కి వెళ్ళిపోయాను. ఆ రోజు నుంచే మాంసం మానేశాను."

ఖాళీ గిన్నె తండ్రి ముందు పెట్టింది.

"ఊరందరికీ అమ్మ టోఫు పెట్టావు నాన్నా. నాకొక్కదానికే పెట్టలేదు."